కంటే తెలుస్తుందా?

"ఒక పిల్లనో పిలగాడో పుట్టనియ్యండి. వాడే మంచిగైతడు."

సూర్యాపేటలో, పెళ్లయిన ఏడాదిలోపే పుట్టింటికి వచ్చి కూర్చున్న ఆడపిల్లకు పెద్దలు చెప్పే ఆఖరి మాట ఇది. అల్లుడు తాగుతున్నాడు, పనికి పోవడం లేదు, చెయ్యి చేసుకుంటున్నాడు. పంచాయితీ రెండు గంటలు నడుస్తుంది. రెండుసార్లు చాయ్ వస్తుంది. అతను తల వంచుకుని కూర్చుంటాడు. చివరికి అందరిలోకీ పెద్దావిడ ఎవరో కొంగుతో మూతి తుడుచుకుని ఈ మందు చెబుతుంది. అందరూ తలలూపుతారు. ఆ పిల్ల సంచి సర్దుకుని ఆటో ఎక్కుతుంది.

అంతకుముందు అతని ఇంట్లో చెప్పుకున్న మందు వేరు. "పెండ్లి చేస్తే దారిల పడ్తడు" అన్నారు. అది పనిచేయలేదు కనుక ఇప్పుడు డోసు పెంచారు. మొదటి డోసు ఒక ఆడపిల్ల, రెండో డోసు ఒక పసిబిడ్డ. రోగి ఒక్కడే.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదన్న సామెత మనదే. మనిషి బుద్ధి గురించి అంత ఖరాఖండిగా చెప్పిన మనమే పురిటి గది గడప దగ్గర ఒక మినహాయింపు పెట్టుకున్నాం. లోపల బిడ్డ కేరుమనగానే బయట నిలబడ్డవాడి స్వార్థం పోతుందట, బాధ్యత వస్తుందట, ప్రేమంటే ఏమిటో తెలుస్తుందట. దీనికి తోబుట్టువు లాంటి మాట ఇంకోటుంది: "నువ్వు కంటే తెలుస్తది." ఏ వాదననైనా ముగించడానికి ఇది చాలు. పిల్లలు లేనివాళ్లు నోరు మూసుకుంటారు, ఉన్నవాళ్లు గర్వంగా నవ్వుతారు.

ఈ నమ్మకం తప్పని నా వాదన. పోనీలే అని వదిలేయదగ్గ తప్పు కూడా కాదు. కనడం మనిషిని మార్చదు. పెంచే చాకిరీ మారుస్తుంది, అదీ ఆ చాకిరీ చేసినవాళ్లనే. ఈ రెంటినీ కలిపి ఒక్క ముద్ద చేసినందువల్ల, చేయనివాళ్లకు గౌరవం దక్కుతోంది, చేసినవాళ్లకు చాకిరీ మిగులుతోంది, అప్పుడప్పుడూ ప్రాణాలూ పోతున్నాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి చుట్టి రాగల మూడు ఊళ్లు. ఈ ఊళ్లు మిగతా ఊళ్లకంటే చెడ్డవి కావు. నాకు తెలిసినవి, అంతే. ఒకే నమ్మకం ఈ మూడింట్లో మూడు వేషాల్లో కనిపిస్తుంది.

సూర్యాపేట ఇంటికే మళ్లీ వెళ్దాం. ఆటో ఎక్కిన పిల్లకు ఏడాది తిరిగేసరికి కొడుకు పుట్టాడనుకోండి. ఆ సంతోషంలో తండ్రి దోస్తులకు దావత్ ఇస్తాడు. మారతాడనుకున్న రోజే మళ్లీ తాగుడు మొదలు. దావత్ అయిపోయాక అతని రోజు నిన్నటిలాగే ఉంటుంది. ఆమె రోజు మాత్రం నిన్నటిలా ఉండదు. నిద్ర పోయింది, కూలి పోయింది, చేతిలో నాలుగు డబ్బులు ఆడటం పోయింది. అన్నిటికంటే ముఖ్యం, తిరిగి పుట్టింటికి వచ్చే దారి పోయింది. "పిలగాని మొకం చూసి సర్దుకో బిడ్డా" అంటారు ఇప్పుడు. వాణ్ని కట్టేద్దామని పేనిన పలుపు ఆమె మెడకే పడింది. ఇది చూసి కూడా మన పెద్దలు మందు తప్పని ఒప్పుకోరు. "ఇంకొకరు పుడితే..." అంటారు.

సూర్యాపేట దగ్గరి దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద లింగమంతులస్వామికి రెండేళ్లకోసారి జాతర జరుగుతుంది. గంపలు నెత్తికెత్తుకుని కాలినడకన వచ్చే జనంలో పిల్లల కోసం మొక్కుకున్నవాళ్లు ఎందరో ఉంటారు. మొక్కుకోవడాన్ని నేను తప్పుపట్టను. కానీ బిడ్డ కావాలని మొక్కినవాళ్లనే చూశాను గానీ, రాత్రి మూడు గంటలకు లేచే ఓపిక ఇయ్యి స్వామీ అని మొక్కిన మగవాణ్ని ఇంతవరకు చూడలేదు. అడగాల్సింది అది కదా.

జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా కాల వినియోగ సర్వే చేసింది. ఎవరు ఏ పనికి రోజులో ఎంతసేపు వెచ్చిస్తున్నారని ఇల్లిల్లూ తిరిగి అడిగింది. ఇంట్లో పిల్లల్నో పెద్దల్నో చూసుకునే పనిలో ఆ రోజు చెయ్యి పెట్టిన మగవాళ్లు నూటికి 14 మంది. ఆడవాళ్లు దాదాపు 28 మంది. చెయ్యి పెట్టినవాళ్లను మాత్రమే లెక్కేసినా, మగవాళ్లు వెచ్చించింది 76 నిమిషాలు, ఆడవాళ్లు 134 నిమిషాలు. తండ్రి కావడమే మనిషిని మార్చేదైతే ఈ దేశంలో ఉన్న కోట్లాది తండ్రుల మార్పు ఈ లెక్కలో ఎక్కడో ఒకచోట కనిపించాలి. అది ఎక్కడ దాక్కుంది?

మగవాళ్ల గుండె రాయి అని నేననడం లేదు. మన ఏర్పాటే అట్లా ఉంది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మన ఆచారం. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో తల్లిగారింటికి వెళ్లిన భార్య, బిడ్డకు మూడో నెలో ఐదో నెలో వచ్చాక గానీ అత్తారింటికి రాదు. ఆ నెలలన్నీ తండ్రి తన బిడ్డ దగ్గరికి చుట్టంలా వెళతాడు. ఆదివారం పండ్లూ డైపర్లూ పట్టుకుని వెళతాడు, కోడికూరతో భోజనం పెడతారు, కాసేపు బిడ్డను ఒళ్లో పెడతారు, ఏడవగానే అత్తగారు తీసేసుకుంటుంది. చేతగాదని మనమే తేల్చి, చేతగాకుండా మనమే పెంచి, ఆ తర్వాత మగవాళ్లకేం తెలుస్తుందని నవ్వుకుంటాం.

నేనూ అట్లాంటి చుట్టాన్నే. నాకిద్దరు పిల్లలు. మొదటి బిడ్డ పుట్టినప్పుడు నాలో ఏ మార్పూ రాలేదు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. మిఠాయిలు పంచాను, ఫొటో పెట్టాను, అందరూ "తండ్రివైనవ్" అంటే నిజమే అనుకున్నాను. సాయంత్రం స్నేహితులు పిలిస్తే ఎప్పటిలాగే వెళ్లాను. రెండోవాడు పుట్టిన నాలుగో నెలలో నా భార్య బాత్రూంలో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు కట్టు. ఆ నెలలోనే అత్తగారికి కంటి ఆపరేషన్, మా అమ్మకు మోకాళ్లు లేవవు. ఇక వేరే దారి లేక దిగాను. సీసాలు మరగబెట్టడం, ముడ్డి కడగడం, భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు నిమరడం, రాత్రి రెండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి లేవడం. మొదటి వారం కోపం వచ్చింది. రెండో వారం ఏడుపొచ్చింది. మూడో వారంలో ఎప్పుడో గమనించాను, ఆకలి ఏడుపుకూ నిద్ర ఏడుపుకూ తేడా నా చెవికి తెలుస్తోంది. బస్సులో ఎవరి బిడ్డో దగ్గితే నా తల తిరుగుతోంది. మా పెద్దదాని స్కూల్ టీచరు పేరు ఏమిటో నాకు తెలియదన్న సంగతి కూడా ఆ వారమే తెలిసింది. మారాను. తండ్రినైనందుకు మారి ఉంటే నాలుగేళ్ల ముందే మారేవాణ్ని. కాలు విరిగింది నా భార్యకు, బుద్ధి వచ్చింది నాకు.

అయితే ఒక అభ్యంతరం ఉంది, అది బలమైనదే. కాన్పు ఒంటిని మారుస్తుంది కదా, మెదడును మారుస్తుంది కదా? నిజమే. గర్భం ధరించిన స్త్రీల మెదడు నిర్మాణంలో వచ్చే మార్పులు కనీసం రెండేళ్లు నిలిచి ఉంటాయని 2017లో నేచర్ న్యూరోసైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. మోసి కన్న ఒంటిలో మార్పు రాదని ఎవరంటారు? కానీ తొమ్మిది నెలలు మోయడం కూడా చాకిరీయే అని మరవకండి. ఇక మోయని తండ్రుల సంగతి చూడండి. ఫిలిప్పీన్స్‌లోని సెబూలో 600 మందికి పైగా యువకులను దాదాపు నాలుగున్నరేళ్ల తేడాతో పరీక్షించిన అధ్యయనం 2011లో వచ్చింది. తండ్రులైనవాళ్లలో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను బాగా తగ్గింది. ఇంతవరకే చదివి "చూశారా, బిడ్డ పుడితే మగాడు మెత్తబడతాడు" అనేవాళ్లున్నారు. ఆ తర్వాతి వాక్యం కూడా చదవాలి. రోజుకు మూడు గంటలో అంతకు మించో బిడ్డ పనిలో గడిపే తండ్రుల్లో, ఆ పని ముట్టుకోని తండ్రుల్లో కంటే అది ఇంకా తక్కువగా ఉంది. 2014లో ఇజ్రాయెల్ పరిశోధకులు తల్లి లేకుండా తామే ప్రధానంగా బిడ్డను పెంచుతున్న తండ్రుల మెదళ్లు పరీక్షించారు. బిడ్డ గురించి నిత్యం ఉలిక్కిపడేలా చేసే మెదడు భాగం వాళ్లలో తల్లుల్లో లాగే చురుగ్గా ఉంది. ఒంటికి తెలిసిన ఈ సంగతి మన ఫ్లెక్సీలకు ఇంకా తెలియలేదు.

కోదాడలో ఈ నమ్మకానికి రెండో వేషం. ఇక్కడ తల్లిదండ్రులు మారరని ఎవరూ అనలేరు. పిల్లల కోసం ఎకరం అమ్మినవాళ్లున్నారు, మెడలోది కుదువ పెట్టినవాళ్లున్నారు. హైదరాబాద్-విజయవాడ హైవే మీద ఊరు. ఇటు వెళ్లినా అటు వెళ్లినా హాస్టళ్లే. జూన్ వచ్చిందంటే ట్రంకు పెట్టె, బకెట్, పరుపు బస్సెక్కుతాయి. ఔటింగ్ ఉన్న ఆదివారం టిఫిన్ క్యారియర్లో కోడికూర ఎక్కుతుంది. "మా బతుకంతా పిల్లల కోసమే" అంటారు. ఆ మాటలో అబద్ధం లేదు, ఆ కష్టం ముందు నేను చేతులు జోడిస్తాను. మరి నా పేచీ ఎక్కడ?

త్యాగం చేసినంత మాత్రాన బిడ్డ అర్థమైనట్టు కాదన్నదే నా పేచీ. పదహారేళ్ల పిల్లాణ్ని ఏడాదికి ఇరవై రోజులు చూసే తండ్రికి వాడి మార్కులు తెలుస్తాయి, వాడు తెలియడు. అయినా "కన్నోళ్లం, మాకు తెల్వదా?" అంటాడు. డబ్బు సంపాదించే చాకిరీ వేరు, బిడ్డ మొహం చదివే చాకిరీ వేరు. మొదటిది ఎంత చేసినా రెండోది రాదు. 2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళం తర్వాత 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మూల్యాంకనంలో జరిగిన తప్పుల మీద ఊరూరా ధర్నాలు జరిగాయి, జరగాల్సిందే. కానీ ఫెయిలయ్యానన్న మాట ఇంట్లో చెప్పడం కంటే చావడం తేలికని అంతమంది పిల్లలకు ఎందుకనిపించిందో అడిగినవాళ్లు తక్కువ. ఆ పిల్లల తల్లిదండ్రులకు ప్రేమ లేదని కాదు. మన మధ్య కట్టిన ఏర్పాటులో ప్రేమకు ఫీజు రసీదు రూపం తప్ప వేరే రూపం మిగల్లేదు. పెట్టిన ఖర్చు లెక్కగా మారిన రోజున బిడ్డ బాకీదారు అవుతాడు.

మిర్యాలగూడ బస్సెక్కబోయే ముందు ఒక పద్యం గుర్తు చేసుకుందాం. సుమతీ శతకంలో పుత్రోత్సాహం గురించిన పద్యం బడికి వెళ్లిన ప్రతి తెలుగువాడికీ నోటికి వచ్చు. కొడుకు పుట్టగానే తండ్రికి అసలు సంతోషం కలగదని, జనం ఆ కొడుకును చూసి మెచ్చుకున్న రోజునే కలుగుతుందని దాని సారాంశం. పుట్టుకతోనే ఏదీ జరిగిపోదని శతకకారుడు ఒప్పుకున్నాడు, సంతోషం. కానీ ఆ సంతోషాన్ని తీసుకెళ్లి ఎవరి చేతిలో పెట్టాడో చూడండి. జనం చేతిలో. నలుగురు మెచ్చితే పండగ. మరి నలుగురు మెచ్చకపోతే?

మిర్యాలగూడ ఆ ప్రశ్నకు జవాబు చూసింది. 2018 సెప్టెంబర్ 14న, గర్భిణి అయిన భార్యకు పరీక్ష చేయించి ఆసుపత్రి నుంచి బయటికి వస్తున్న ప్రణయ్ అనే యువకుణ్ని ఆమె కళ్లముందే, అతని తల్లి కళ్లముందే నరికి చంపారు. అతను దళితుడు. ఆమెది వైశ్య కుటుంబం. ఆ ఏడాది జనవరిలోనే పెళ్లి చేసుకున్నారు. అమ్మాయి తండ్రే కోటి రూపాయలకు కిరాయి మాట్లాడాడని పోలీసులు చెప్పారు. ఇద్దరు మేజర్ల పెళ్లికి కుటుంబం సమ్మతి అవసరం లేదని శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది అదే ఏడాది మార్చిలో. హత్య నాటికి ఆ తీర్పు వచ్చి ఆరు నెలలు కూడా నిండలేదు.

హత్య జరిగిన తర్వాత ఊరి మాటలు గుర్తున్నాయా? "తప్పే గానీ, కన్నోళ్ల బాధ కన్నోళ్లకే తెలుస్తది" అన్నారు. ఆ తండ్రికి మద్దతుగా ర్యాలీ తీశారు. "కన్న ప్రేమ ఎక్కువై చేసిండు" అన్నారు. నేను ఖండించదలచిన నమ్మకం అసలు ముఖం ఇక్కడ కనిపిస్తుంది. తండ్రి కావడం మనిషిని మారుస్తుంది, గొప్పవాణ్ని చేస్తుంది అని మొదలుపెట్టిన మాట, తండ్రి ఏం చేసినా అందులో ప్రేమే ఉంటుంది అనే దాకా వచ్చి ఆగింది. మొదటి మెట్టు ఎక్కినవాళ్లు రెండోది ఎక్కకుండా ఉండటం కష్టం.

ఆ మాటనే దాని తక్కెడలో తూచి చూద్దాం. కన్నోళ్ల బాధ అన్నారు. ఏ కన్నోళ్లది? ఆ రోజు అక్కడ ఉన్న ప్రణయ్ తల్లి కన్నతల్లి కాదా? కోర్టు చుట్టూ ఆరున్నరేళ్లు తిరిగిన అతని తండ్రి కన్నతండ్రి కాదా? కొడుకు శవాన్ని చూసిన తల్లి బాధ తెలుసుకోవడానికి కని ఉండాల్సిన పని కూడా లేదు, కళ్లుంటే చాలు. అయినా ర్యాలీలో కన్నోళ్లంటే ఒక్క ఇంటివాళ్లే అయ్యారు. అంటే ఆ మాటలో ఉన్నది కడుపు తీపి కాదు, కులం. కడుపు తీపి దాని మీద కప్పిన శాలువా.

హత్య కేసులో తీర్పు రాకముందే, 2020 మార్చిలో, అమ్మాయి తండ్రి చనిపోయాడు. చివరి చూపుకు శ్మశానానికి వచ్చిన కూతురిని వెళ్లిపొమ్మని నినాదాలు చేశారు. అప్పటికి ఆమె ఏడాది బిడ్డకు తల్లి. నువ్వు కంటే తెలుస్తుందని ఊరంతా అన్నారు కదా, ఆమె కన్నది. అప్పుడు ఆమెకు ఏం తెలిసిందని ఎవరైనా అడిగారా? కంటే తెలుస్తుందన్నవాళ్లు కన్న ఆమె మాట వినలేదు. ఆ మాట ఎన్నడూ జ్ఞానం గురించినది కాదనడానికి ఇంతకంటే రుజువు నాకు అక్కర్లేదు. అది ఎదుటివాళ్ల నోరు మూయించే మాట, అంతే. ప్రణయ్ హత్య కేసులో 2025 మార్చి 10న నల్గొండ ప్రత్యేక న్యాయస్థానం ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించింది. ఆ తీర్పుకు ఆరు వారాల ముందే, జనవరి ఆఖర్లో, సూర్యాపేట పక్కన పిల్లలమర్రి దగ్గర కులాంతర వివాహం చేసుకున్న ఇంకో యువకుడి శవం దొరికింది. అతని భార్య కుటుంబ సభ్యులను పోలీసులు నిందితులుగా చేర్చారు. కోర్టు చెప్పాల్సింది కోర్టు చెబుతుంది. మనం మాత్రం "కన్నోళ్ల బాధ" అని మళ్లీ మొదలుపెట్టకుండా ఉండాలి.

పిల్లలు తల్లిదండ్రుల ఆస్తి కాదని చలం 'బిడ్డల శిక్షణ' రాసిన కాలం నుంచీ మనకు వినపడుతూనే ఉంది. మనం వినడానికి ఇష్టపడం. ఎందుకంటే కనడాన్ని పవిత్రం చేస్తే లాభాలున్నాయి. కన్నవాడికి పట్టా దొరుకుతుంది. పని చేయకపోయినా పేరు దొరుకుతుంది. పని చేసినవాళ్లకు వాటా ఇవ్వక్కర్లేదు.

ఆ పని చేసినవాళ్లెవరు? హైదరాబాద్‌లో ఆటో నడిపే కొడుకూ, అపార్ట్‌మెంట్లో పనిచేసే కోడలూ బిడ్డను ఊళ్లో వదిలిపోతే, అరవై ఏళ్ల వయసులో మళ్లీ జోల పాడుతున్న నానమ్మలు. పిల్లలు పుట్టలేదని శ్రీమంతానికి పిలవని పెద్దమ్మ, అదే ఇంట్లో పిల్లలకు జ్వరమొస్తే మొదట గుర్తొచ్చే మనిషి ఆమే. పొద్దున పదింటికి పాతిక మంది ముక్కులు తుడిచే అంగన్‌వాడీ ఆయమ్మ. గొడ్రాలు అన్న తిట్టు ఉన్న భాషలో, కని పెంచనివాడికి తిట్టు లేదు. ఇది భాష తప్పు కాదు, మన లెక్క తప్పు.

పోనీ చేద్దామనుకున్న తండ్రికి అవకాశముందా? తల్లికి 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని 2017 నుంచీ చట్టం చెబుతోంది. అదీ పదిమందో అంతకు మించో పనిచేసే సంస్థల్లోనే. నాట్లు వేసే తల్లికి ఏ సెలవూ లేదు. తండ్రికైతే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజులు, ప్రైవేటులో చట్టమే లేదు. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బస్తాలు మోయడానికి బిహార్ నుంచి వచ్చినవాడు తన బిడ్డ మొహం ఫోన్‌లోనే చూస్తాడు. అతన్ని నేను నిందించను. అతనికి ఆ చాకిరీ దొరకకుండా చేసినదాన్ని నిందిస్తాను. స్వీడన్‌లో తల్లిదండ్రులిద్దరికీ కలిపి 480 రోజుల సెలవు ఇస్తారు. అందులో 90 రోజులు తండ్రివే, తల్లికి బదలాయించలేడు, వాడుకోకపోతే పోతాయి. అక్కడి మగవాళ్లు మనకంటే మంచివాళ్లని కాదు. బిడ్డ పుడితే వాడే మారతాడని ఊరుకోకుండా, మారడానికి కావాల్సిన రోజులు లెక్కగట్టి చేతిలో పెట్టారు.

మన చేతిలో అన్ని రోజులు లేవు. అయినా రేపటి నుంచి చేయగలిగింది కొంత ఉంది. పంచాయితీలో కూర్చున్నప్పుడు బిడ్డను మందుగా చెప్పకండి. తాగుడుకు చికిత్స ఉంది, కొట్టేవాడికి చట్టం ఉంది, పుట్టబోయే బిడ్డకు ఆ రెండు పనులూ అప్పగించకండి. తొలి కాన్పు పుట్టింట్లోనే అయినా అల్లుణ్ని చుట్టంలా కూర్చోబెట్టకండి. బట్టలు ఉతకమనండి, రాత్రి లేపండి. వాదనలో ఓడిపోతున్నప్పుడు "నువ్వు కంటే తెలుస్తది" అనకండి.

మొన్న మా వీధిలో ఒక తొట్లె ఫంక్షన్ జరిగింది. గుమ్మం ముందు ఫ్లెక్సీ, దాని మీద నల్లద్దాలు పెట్టుకున్న తండ్రి, మూలన చిన్నగా బిడ్డ. వచ్చినవాళ్లంతా అతని చెయ్యి ఊపుతూ "తండ్రివైనవ్ పో" అంటున్నారు. నా వంతు వచ్చింది.

"రాత్రి ఎన్నిసార్లు లేచినవ్, తమ్మీ?" అని అడిగాను.

అతను నవ్వి, ఏం చెప్పాలో తెలియక, లోపలికి తిరిగి చూశాడు. లోపల మంచం అంచున కూర్చున్న అమ్మాయి తల ఎత్తకుండానే మూడు వేళ్లు చూపించింది. అవి ఆమె లేచిన లెక్క.